22 ఏళ్లు పాడని పాట

తరగతిలో ఒక అమ్మాయి ఉంది. గొంతు బాగుంటుంది. కాస్త తీరిక దొరికితే చాలు, తోటివాళ్లు ఆమె చేత పాడిస్తారు. ఆమె కూడా బతిమాలించుకోకుండా పాడుతుంది. అదే తరగతిలో ఒక కుర్రాడున్నాడు. ఆమె ఎదుటికి రాగానే అతనికి నోట మాట రాదు. అడగగలిగినదల్లా ఒక్కటే. ఫలానా పాట పాడమంటాడు. ఆమె వేరే పాట ఎత్తుకుంటుంది. మళ్లీ అడిగితే ఇంకో పాట పాడుతుంది. ఆ పాట రాక కాదు. అతను కోరుకున్నదని తెలిసే దాన్ని దాచిపెట్టింది. చదువుల దారులు విడిపోయాయి. ఆమెకు పెళ్లయింది, దేశం దాటి వెళ్లింది, ఒక బిడ్డకు తల్లయింది. 22 ఏళ్ల తరవాత, ఒక్క రాత్రి మాత్రమే కలిసి గడిపే వీలు దొరికినప్పుడు, అతను అడగకుండానే ఆ పాట పాడింది.

2018 అక్టోబరు 4న విడుదలైన తమిళ సినిమా '96' కథ ఇదే. అంతకుముందు ఛాయాగ్రాహకుడిగా పేరు తెచ్చుకున్న సి. ప్రేమ్‌కుమార్‌కు దర్శకుడిగా ఇది మొదటి చిత్రం. రామ్‌గా విజయ్ సేతుపతి, జానుగా త్రిష నటించారు. సంగీతం గోవింద్ వసంత. ప్రేమకథల్లో సంగీతం బాగుండటం మనకు కొత్త కాదు. కానీ సంగీతాన్ని తీసేస్తే ఇక చెప్పడానికేమీ మిగలని ప్రేమకథలు తక్కువ. ఈ సినిమాలో పాట కథకు అలంకారం కాదు, కథే పాట మీద నడుస్తుంది. ఈ రోజు మీతో ఆ సంగతే మాట్లాడాలనుకుంటున్నాను.

కథ చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. రామ్ దేశమంతా తిరిగే ఫొటోగ్రాఫరు. పిల్లలకు ఫొటోగ్రఫీ పాఠాలు కూడా చెబుతాడు. పెళ్లి చేసుకోలేదు. ఒకసారి తన శిష్యురాలితో కలిసి ప్రయాణంలో ఉండగా దారిలో తంజావూరు తగులుతుంది. తను చదివిన బడి ముందు బండి ఆపుతాడు. అక్కడితో పాత స్నేహితులు వాట్సాప్‌లో ఒకరినొకరు వెతికి పట్టుకుంటారు. 1996 బ్యాచ్ వాళ్లంతా చెన్నైలో కలుసుకోవాలనుకుంటారు. సింగపూర్ నుంచి జాను వస్తుంది. తెల్లవారితే ఆమె విమానం. సినిమాలో సగానికి పైగా ఆ ఒక్క రాత్రిలోనే జరుగుతుంది.

ఇందులో దుర్మార్గుడు లేడు. అడ్డుపడిన కులం గోడ లేదు, కోపిష్టి తండ్రి లేడు. అబ్బాయి తండ్రి అప్పులపాలై ఊరు విడిచి వెళ్లిపోవాల్సి వచ్చింది. అంతే. సెలవులయ్యాక బడికొచ్చిన అమ్మాయికి ఆ బల్ల ఖాళీగా కనిపించింది. ఇల్లు, ఊరు పోగొట్టుకుని తంజావూరు నుంచి వెళ్లిపోయే కుటుంబం ఈ దర్శకుడి మనసులో గాఢంగా ఉన్నట్టుంది. మన దగ్గర 'సత్యం సుందరం' పేరుతో వచ్చిన 'మెయ్యళగన్' కూడా ఆయనదే. అది 1996లో మొదలవుతుంది, అందులోనూ ఒక కుటుంబం తంజావూరు విడిచిపోతుంది. దానికి సంగీతం మళ్లీ గోవింద్ వసంతే.

అమ్మాయి పూర్తి పేరు ఎస్. జానకీదేవి. అబ్బాయి కె. రామచంద్రన్. సీతారాముల పేర్లు పెట్టి వాళ్లను విడదీయడం ఒక సంగతైతే, పేరు ముందున్న అక్షరంతో సహా ఎస్. జానకి అని పిలిపించడం ఇంకో సంగతి. తమిళనాట ఆ పేరు వినగానే చెవిలో మోగేది ఒకే గాయని గొంతు. బడిలో జాను పాడే పాటలు ఆ జానకమ్మ పాటలే, ఎక్కువగా ఇళయరాజా బాణీలే. అప్పటికే రెహమాన్ వచ్చేశాడు. కాలేజీ కుర్రకారు నోట ఆ కొత్త పాటలే. అయినా ఒక చిన్న ఊళ్లో పదో తరగతి పిల్లకు నోటికొచ్చేవి ఇంట్లో అమ్మానాన్నల టేప్ రికార్డరులో అరిగిన పాటలు, పక్కింటి రేడియోలో విన్న పాటలు. పిల్లల నోట పాటలు పదేళ్లు వెనకబడి ఉంటాయి. దర్శకుడు ఆ నిజం పట్టుకున్నాడు. ఆ వయసు వాళ్లెవరూ తమ కాలానికి తగ్గ పాట వెతుక్కుని పాడరు. నోరు తెరిస్తే ఇంట్లో పాట వస్తుంది.

జానకమ్మ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఆమె అప్పటి గుంటూరు జిల్లాలో మన రేపల్లె దగ్గర పల్లపట్లలో 1938లో పుట్టారు. బాల్యం చాలావరకు సిరిసిల్లలో గడిచింది. 1957లో ఒక తమిళ చిత్రంతో సినిమా పాటలోకి వచ్చారు. 1962లో 'కొంజుం సలంగై'లో కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరంతో పోటీపడి పాడిన పాటతో తమిళులు ఆమెను ఇంటి మనిషిని చేసుకున్నారు. ఆమెకు వచ్చిన నాలుగు జాతీయ పురస్కారాల్లో రెండు తమిళ పాటలకు, ఒకటి మలయాళానికి, ఒకటి మన 'సితార'లోని గోదారి వెన్నెల పాటకు. రేపల్లె పక్కన పుట్టిన ఒక తెలుగు మనిషి గొంతు తంజావూరు బడిపిల్లకు సొంత గొంతు అయిపోవడం, ఆ పేరే ఒక కథానాయికకు పెట్టుకునేటంత దగ్గరైపోవడం, నాకు ఈ సినిమాలో అన్నిటికన్నా ఎక్కువ సంతోషం కలిగించిన విషయం. ఆమె తనుగా కనిపించే ఒక సన్నివేశం కూడా తీశారు. రామ్, జాను ఆ రాత్రి ఆమె ఇంటికి వెళ్తారు. అది సినిమాలో చేరలేదు. తరవాత విడిగా బయటపెట్టారు. వెతికి చూడండి.

ఇక రామ్ అడిగిన పాట. అది జానకమ్మది కాదు. 1991లో మణిరత్నం తీసిన 'దళపతి'లో మితాలీ బెనర్జీ భౌమిక్ పాడిన 'యమునై ఆట్రిలే'. తెలుగులో 'యమునా తటిలో'గా మనమంతా విన్నదే. ఇళయరాజా యమునా కల్యాణిలో కట్టిన చిన్న పాట. యమున ఒడ్డున కృష్ణుడి కోసం ఎదురుచూసే రాధ గురించిన పాట అది. 'దళపతి'లో దాన్ని పాడేది శోభన పోషించిన సుబ్బలక్ష్మి. ఆమె కథానాయకుడు సూర్యను ప్రేమించింది. తండ్రి ఒప్పుకోలేదు. చివరికి కలెక్టరు అర్జున్‌కు భార్య అయింది. అంటే ఈ పాట పాడిన అమ్మాయి తను ఎదురుచూసిన మనిషిని చేరుకోలేదు. రామ్ అదే పాట అడుగుతూ వచ్చాడు. అడిగేటప్పుడు అతనికి పదిహేనేళ్లు. రాగం నచ్చి అడిగాడో, సినిమా నచ్చి అడిగాడో. కానీ 'దళపతి' కథ తెలిసిన ప్రేక్షకుడికి ఆ పాట పేరు వినగానే ఈ జంట దారి ఎటు పోతుందో తెలిసిపోతుంది. ఆ పాట కోసం ఆత్రపడుతూనే, అది వినబడితే ఏమవుతుందోనని భయపడుతూ కూర్చుంటాం. పాత పాటల్ని సినిమాల్లో వాడుకోవడం ఎక్కువగా జ్ఞాపకం కోసం జరుగుతుంది. ఇక్కడ ఒక పాట తన వెనక ఉన్న కథనంతా మోసుకొచ్చి ఇంకో కథలో దింపింది.

ఆ సన్నివేశం చూద్దాం. వానలో తడిసి ఇద్దరూ రామ్ ఇంటికి వస్తారు. అతను వంట చేసి పెడతాడు. అప్పటిదాకా చాలా మాట్లాడుకున్నారు. ఆమె కాలేజీ రోజుల్లో అతను వెతుక్కుంటూ వచ్చాడని, మధ్యలో ఎవరో తెచ్చిన కబురు తప్పుగా అందడంతో ఆమె మరెవరో అనుకుని పొమ్మందని, ఆమె పెళ్లికి వచ్చి దూరంగా నిలబడి చూసి వెళ్లాడని తెలిసిపోయింది. ఆమె గుండె పగిలేలా ఏడ్చింది కూడా. ఇక చెప్పుకోవడానికి ఏమీ లేదు. అప్పుడు కరెంటు పోతుంది. చీకట్లో ఆమె పాట ఎత్తుకుంటుంది. పక్కన వీణ లేదు, వేణువు లేదు, తాళం లేదు. గొంతు ఒక్కటే. పక్కన ఎక్కడో పనిలో ఉన్న ఆ మనిషి, అంత పెద్ద ఒళ్లు, గడ్డం, నలభైకి దగ్గరపడిన వయసు, చిన్న పిల్లాడిలా తడబడుతూ ఆ గొంతు వినిపించే వైపు పరుగు తీస్తాడు. ఒక్క ముక్క కూడా జారిపోకూడదన్న ఆదుర్దా. విజయ్ సేతుపతి నటనలో నాకు అన్నిటికన్నా నచ్చిన క్షణాలు అవి. అతను ఆమెను తాకడు. దగ్గరకు తీసుకోడు. వింటాడు. ఈ సినిమాలో ప్రేమ అంటే వినడం.

ఆ గొంతు గాయని చిన్మయిది. ఇక్కడ ఒక సంగతి చాలామంది గమనించి ఉండరు. త్రిషకు మాట కూడా చిన్మయే చెప్పింది. మన సినిమాల్లో హీరోయిన్ మాట్లాడినంతసేపు ఒక గొంతు, పాట మొదలవగానే ఇంకో గొంతు. మనకు అలవాటైపోయి పట్టించుకోం. కానీ చీకట్లో, వాద్యాలు లేకుండా పాడినప్పుడు ఆ అతుకు ఉంటే ఇట్టే బయటపడిపోయేది. ఇందులో మాటా పాటా ఒకే మనిషివి కావడంతో, జాను మాట్లాడుతూ మాట్లాడుతూ పాటలోకి జారినట్టు ఉంటుంది. స్టూడియోలో మైకు ముందు పాడినట్టు ఉండదు, ఆ గదిలోనే ఉన్న మనిషి పాడినట్టు ఉంటుంది. 'ఏ మాయ చేసావే'లో సమంతకు మాట ఇచ్చిన గొంతుగా చిన్మయి తెలుగువాళ్లకు బాగా తెలుసు. దాని తమిళ రూపంలో త్రిషకూ ఆమే చెప్పింది. ఊపిరి తీసుకోవడంలో, మాట చివర తడబాటులో ఆమె చేసే పని నటనతో సమానమైనది. అలాంటి కళాకారిణిని, తనకు ఎదురైన లైంగిక వేధింపుల గురించి బహిరంగంగా మాట్లాడిన కొద్ది వారాలకే, 2018 నవంబరులో తమిళ డబ్బింగ్ కళాకారుల సంఘం నుంచి తొలగించారు. చందా కట్టలేదన్నది వాళ్లు చెప్పిన కారణం. ఈ సినిమా గురించి మాట్లాడుతూ ఆ సంగతి దాటేసి పోవడం నాకు మనస్కరించదు. జానుకు ప్రాణం పోసిన గొంతు అది.

గోవింద్ వసంత కేరళ వాడు. తైక్కూడం బ్రిడ్జ్ అనే బృందంలో వయొలిన్ వాయిస్తూ పేరు తెచ్చుకున్నాడు. అతని ముందున్న పని ఎంత కష్టమో ఆలోచించండి. సినిమా నిండా ఇళయరాజా ఉన్నాడు, జానకి ఉన్నారు. ఆ పాటల పక్కన తన పాటలు నిలబడాలి. పోటీకి దిగితే ఓడిపోతాడు. పాతకాలం బాణీల్ని అనుకరిస్తే నవ్వులపాలవుతాడు. అతను రెండూ చెయ్యలేదు. ఈ సినిమాలో నాయికా నాయకులు నోరు కదిపి పాడే కొత్త పాట ఒక్కటీ లేదు. డ్యూయెట్ లేదు. మనుషుల నోటి నుంచి వచ్చే పాటలన్నీ పాతవి. గోవింద్ పాటలు వాళ్ల చుట్టూ ఉంటాయి. రోడ్డు మీద, కారులో, ఖాళీ మెట్రో రైల్లో వాళ్లు మాట్లాడుకోకుండా ఉన్నప్పుడు వినిపిస్తాయి. పైకి పాడుకునేది ఇళయరాజా, లోపల నలిగేది గోవింద్ వసంత. ఈ పంపకం దర్శకుడిదో సంగీత దర్శకుడిదో గానీ, గొప్ప నిర్ణయం.

మొదట్లో వచ్చే 'లైఫ్ ఆఫ్ రామ్' పాట ప్రదీప్ కుమార్ పాడాడు. ఎడారిలో, కొండల్లో, సముద్రం ఒడ్డున ఒంటరిగా తిరిగే రామ్ కనిపిస్తాడు. అందులో దుఃఖం లేదు. ఒంటరితనాన్ని ఇంతగా ఇష్టపడి, ఇంత నిండుగా చెప్పిన పాట మన దక్షిణాది సినిమాలో అరుదు. రామ్ మీద జాలి పడే అవకాశం ఆ పాట మనకు ఇవ్వదు. అతను భగ్నప్రేమికుడై తాగి పడిపోయిన దేవదాసు కాడని మొదటి పది నిమిషాల్లోనే చెప్పేస్తుంది. తరవాత వచ్చే 'కాదలే కాదలే' మరీ చిన్న పాట. చిన్మయితో పాటు పెద్దావిడ కల్యాణీ మేనన్ గొంతు అందులో ఉంది. దాని బాణీని వయొలిన్ మీద సినిమా పొడుగునా వదలకుండా తిప్పారు. మాటలు కార్తీక్ నేతా, ఉమాదేవి రాశారు. ఇద్దరి రాతలోనూ పుస్తకపు వాసన లేదు, అలాగని చవకబారు మాట కూడా లేదు.

విమానాశ్రయానికి వెళ్లే దారిలో ఒక చిన్న ఘట్టం ఉంది. రామ్ కారు నడుపుతున్నాడు. అతని చెయ్యి గేరు మీద ఉంది. జాను తన చెయ్యి అతని చేతి మీద పెడుతుంది. గేరు మార్చినప్పుడల్లా రెండు చేతులూ కలిసి కదులుతాయి. రాత్రంతా వాళ్ల మధ్య ఇంతకు మించిన దగ్గరతనం లేదు. ఇలాంటిచోట సంగీతం ఎక్కడ ఆగాలో తెలియడం కూడా విద్యే. ఏ తబలానో, కోరస్‌నో తెచ్చి నింపేస్తే ఆ చెయ్యి బరువు తగ్గిపోయేది.

పాత పాటలు వాడుకోవడం మీద ఒక వివాదం రేగింది. 2019లో ఒక ఇంటర్వ్యూలో ఇళయరాజా దీని మీద తీవ్రంగా అసంతృప్తి వ్యక్తం చేశారు. ఇప్పటి సంగీత దర్శకులు తమ పాట తాము చేసుకోలేక తన పాటల మీద ఆధారపడుతున్నారన్నది ఆయన బాధ. ఆయన మాటను తేలిగ్గా కొట్టిపారెయ్యకూడదు. ఆయన పాటను అడ్డగోలుగా కోసి, కామెడీకి, యాక్షన్‌కి అతికించి, చప్పట్లు కొట్టించుకుంటున్న సినిమాలు తమిళంలోనూ తెలుగులోనూ చాలా ఉన్నాయి. ఆ కోపం ఎవరి మీద వచ్చినా న్యాయమే. కానీ '96' విషయంలో నేను ఆయనతో విభేదిస్తాను. తొంభైల్లో తంజావూరు పిల్ల ఆ కాలం కోసమని 2018లో కట్టిన కొత్త పాటను ఎలా పాడుతుంది? ఆ పాటల్ని పాడుకునే మనుషుల గురించి తీసిన సినిమా ఇది. ఒక సంగీత దర్శకుడి పాట జనం బతుకులో ఎంత లోతుకు దిగిందో చూపించడానికి ఇంతకన్నా పెద్ద నివాళి మరొకటి నాకు కనబడదు. పైగా గోవింద్ వసంత చేతకాక ఆ పాటలు తెచ్చుకున్నాడనడానికి వీల్లేదు. అతని సొంత పాటలు ఆ సినిమాను దాటి ఇప్పటికీ బతికే ఉన్నాయి.

ఈ సినిమా రెండు భాషల్లోకి వెళ్లింది. కన్నడంలో 2019లో '99' పేరుతో గణేశ్, భావన చేశారు. తెలుగులో 2020 ఫిబ్రవరి 7న 'జాను'గా వచ్చింది. దర్శకుడు ప్రేమ్‌కుమారే, సంగీతమూ గోవింద్ వసంతదే. శర్వానంద్, సమంత నటించారు. చిన్నప్పటి జానుగా తమిళంలో చేసిన గౌరీ కిషనే తెలుగులోనూ చేసింది. తంజావూరు బడి విశాఖపట్నానికి మారింది. సినిమా నిజాయితీగానే తీశారు, కానీ తమిళంలో ఆడినట్టు ఇక్కడ ఆడలేదు. కారణాలు ఎవరికి తోచినవి వాళ్లు చెప్పారు. మాతృకను అప్పటికే చూసేసినవాళ్లు చాలామంది ఉండటం ఒకటి. నాకు తోచింది మరొకటి. తమిళంలో ఆ పాటలు నేరుగా ఆ నేల మీద పుట్టినవి. మనకు 'దళపతి' డబ్బింగ్ సినిమాగా వచ్చింది. పాట మనకు ఇష్టమే, పాడుకున్నాం కూడా. కానీ తమిళ ప్రేక్షకుడికి ఆ పాట మొదటి అక్షరం పడగానే ఒంట్లో పుట్టే కంపం మనకు పుట్టాలంటే, మన బడుల్లో మనం పాడుకున్న వేరే పాట కావాలి. ఏ ఊరి పిల్ల ఏ పాట పాడుతుందన్నది ఈ కథకు గుండెకాయ. దాన్ని భాష మార్చినంత తేలిగ్గా మార్చడం కుదరదు.

అయితే 'జాను' మనకు ఇచ్చిన మేలు ఒకటుంది. 'లైఫ్ ఆఫ్ రామ్' బాణీకి సిరివెన్నెల సీతారామశాస్త్రిగారు తెలుగు పాట రాశారు. ప్రదీప్ కుమారే తెలుగులోనూ పాడాడు. కార్తీక్ నేతా మాటలకు అనువాదంలా కాకుండా, లోకంలో ఒంటరిగా తిరుగుతూ ఆ లోకాన్నే తోడు చేసుకున్న మనిషిని శాస్త్రిగారు తనదైన చూపుతో పట్టుకున్నారు. ప్రకృతిని పలకరిస్తూ నడిచే ఆ ధోరణి ఆయన తొలినాళ్ల నుంచీ చేస్తూ వచ్చిన పనికి కొనసాగింపు. 2021 నవంబరు 30న ఆయన వెళ్లిపోయారు. చివరి ఏళ్లలో ఆయన రాసిన పాటల్లో కుర్రవాళ్లు ఇంతగా సొంతం చేసుకున్నది ఇదే అనుకుంటాను. బండి మీద దూర ప్రయాణాలు పోయే పిల్లల ఫోన్లలో ఆ పాట వినిపించినప్పుడు, సినిమా ఆడకపోయినా పాట ఆడిందని సంతోషం వేస్తుంది.

తమిళ సినిమా చూడాలనుకుంటే ముందు ఒక పని చేయమని అడుగుతున్నాను. 'దళపతి'లో ఆ పాట ఒకసారి వినండి, శోభన పాత్రకు చివరికి ఏమైందో గుర్తు చేసుకోండి. తమిళం రాకపోయినా ఫరవాలేదు, కింద అక్షరాలు వస్తాయి. బడి సన్నివేశాల్లో జాను పాడిన ప్రతిసారీ, ఆమె ముఖం కన్నా రామ్ ముఖం చూడండి. పాట ఎవరిదైనా, అతను ఎదురుచూస్తున్నది వేరే పాట కోసమని అక్కడే తెలుస్తుంది.